బూసాన్‌లో గైడ్ లేకుండా తిండి కోసం నడక: చేతిలో ఒక్క శనివారం ఉంటే

మీ ప్రశ్న ఇది. ఆఫీసు పని మీద దక్షిణ కొరియాలోని ఉల్సాన్‌లో ఉన్నారు, మధ్యలో ఒక శనివారం ఖాళీ దొరికింది. దగ్గర్లోని రేవు నగరం బూసాన్ వెళ్లి అక్కడి తిండి రుచి చూడాలని ఉంది గానీ, ఫుడ్ టూర్ వాళ్లు చెప్పిన రేటు చూసి వెనక్కి తగ్గారు. మీరు చేపలు, రొయ్యలు తింటారు. పంది, గొడ్డు మాంసం ముట్టరు. మీతో వచ్చే కొలీగ్ గుడ్డు వరకు తినే శాకాహారి. ఇద్దరికీ కొరియన్ రాదు. సొంతంగా నడుచుకుంటూ తిరగొచ్చా, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు.

నిక్షేపంగా తిరగొచ్చు. నేను ఇక్కడే చదువుకుని ఇక్కడే ఉద్యోగంలో స్థిరపడ్డవాణ్ణి. ఇండియా నుంచి వచ్చే బంధువుల్ని, స్నేహితుల్ని ఊళ్లో తిప్పడం నాకు వారాంతపు డ్యూటీ అయిపోయింది. వాళ్లలో వెల్లుల్లి కూడా తినని పెద్దమ్మ ఉంది, కదులుతున్న ఆక్టోపస్సే కావాలని పట్టుబట్టిన కుర్రాళ్లూ ఉన్నారు. మీ ఇద్దరిది వాళ్లతో పోలిస్తే తేలిక కేసు.

అసలు విషయానికి వస్తే, ఒక్క రోజే ఉంది కాబట్టి ఊరంతా తిరగాలన్న ఆశ వదులుకోండి. హేఉండే బీచ్, గ్వాంగాన్ వంతెన, గామ్‌చన్ రంగురంగుల ఇళ్లు, సముద్రపు ఒడ్డున గుడి, వీటన్నిటినీ ఒక లిస్టు రాసుకుని బయల్దేరితే సగం రోజు మెట్రోలోనూ బస్సులోనూ గడిచిపోతుంది. ఊరు ఒక చివర నుంచి ఇంకో చివరకు చాలా పొడుగు, మధ్యలో అన్నీ కొండలు. తిండి కోసమే వస్తున్నారు కదా. జగల్చి చేపల మార్కెట్, దాని వెనకున్న బుప్యాంగ్, గుక్‌జే మార్కెట్లు, వంతెన అవతల యంగ్‌డో దీవి. ఈ మూడు చోట్లూ ఒకదానికొకటి నడిచే దూరంలో ఉన్నాయి. రోజంతా అక్కడే ఉండండి. పొద్దున ఒక వీధిలో తిన్నది అరిగాక సాయంత్రం మళ్లీ అదే వీధికి రావచ్చు. ఈ వెసులుబాటు టూర్ బస్సులో దొరకదు.

ఆ చోటే ఎందుకంటే, బూసాన్ వంటలు పుట్టింది అక్కడే. 1876లో కొరియా మొదట తెరిచిన రేవు ఇది. తర్వాత జపాన్ పాలనలో ఓముక్, అంటే చేప కైమాతో చేసే ముద్దలు, జపనీస్ వాళ్ల వంటింటి నుంచి ఇక్కడికి దిగింది. 1950లో కొరియా యుద్ధం మొదలయ్యాక దేశం నలుమూలల నుంచీ, ముఖ్యంగా ఉత్తరం నుంచీ లక్షల మంది శరణార్థులు ఇక్కడికి చేరారు. 1953లో కాల్పులు ఆగేదాకా ప్రభుత్వం కూడా చాలావరకు ఇక్కడి నుంచే నడిచింది. అమెరికా సాయంగా వచ్చిన గోధుమపిండి, సైనిక శిబిరాల నుంచి బయటికి జారిన డబ్బా సరుకులు, రేవులో దొరికిన చౌక చేపలు: వీటితో వాళ్లు వండుకున్నదే ఇవాళ ‘బూసాన్ స్పెషల్’ అని అమ్ముడవుతోంది. అందుకే ఇక్కడ పెద్ద హోటళ్ల కంటే మార్కెట్ బల్లల దగ్గరే అసలు రుచి. 2024 నుంచి హోటళ్లకు స్టార్లిచ్చే మిషెలిన్ గైడ్‌లోకి బూసాన్ కూడా చేరింది గానీ, మొదటిసారి వచ్చిన రోజున దాని జోలికి పోనక్కర్లేదు.

బయల్దేరేముందు మీ కొలీగ్ కోసం ఒక హెచ్చరిక. కొరియాలో మన శాకాహారులకు చిక్కంతా ముక్కలతో కాదు, నీళ్లతో వస్తుంది. గిన్నెలో పైకి ఆకుకూర, టోఫు మాత్రమే కనిపిస్తాయి. కింద రసం మాత్రం ఎండు నెత్తళ్లు, సముద్రపు నాచు కలిపి మరిగించినది. కొన్నిచోట్ల గొడ్డు మాంసం రుచి పొడి కూడా పడుతుంది. కిమ్చీలో (కారం పెట్టి పులియబెట్టిన కూరగాయల పచ్చడి) చేప సాసో, ఉప్పు రొయ్యపొట్టో దాదాపు ఎప్పుడూ ఉంటుంది. ‘మాంసం వద్దు’ అంటే వాళ్లు ముక్కలు తీసేసి నవ్వుతూ పెడతారు. అందులో మోసం ఏమీ లేదు, వాళ్ల లెక్కలో రసం మాంసం కాదు, అంతే. కాబట్టి మీ కొలీగ్‌కు ఒకటే సూత్రం: రసం ఉన్నది ఏదీ ముట్టకుండా, పొడిగా ఉన్నవీ, తీపివీ, పెనం మీద కాల్చినవీ చూసుకోవాలి. మీకైతే చేప రసంతో ఇబ్బంది లేదు గానీ ఎముకల రసంతో ఉంది. దాని గురించి కింద చెప్తాను.

ఫోన్‌లో నేవర్ మ్యాప్, పాపాగో అనువాదం యాప్ రెండూ వేసుకోండి. మనకు అలవాటైన గూగుల్ మ్యాప్ ఇక్కడ నడక దారి చూపించడంలో నమ్మదగ్గది కాదు. పాపాగోలో ‘నేను పంది మాంసం, గొడ్డు మాంసం, వాటి ఎముకల రసం తినను, చేప తింటాను’ అని ఒక వాక్యం, ‘ఈయన మాంసం, చేప, రొయ్య, వాటి రసం ఏదీ తినరు, గుడ్డు తింటారు’ అని ఇంకో వాక్యం ముందే అనువదించి, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. మార్కెట్ హడావిడిలో టైప్ చేస్తూ నిలబడితే వెనక క్యూ పెరిగిపోతుంది.

ఉల్సాన్‌లో తేహ్వాగాంగ్ స్టేషన్ నుంచి దోంగ్‌హే లైన్ రైలు ఎక్కండి. 2021 డిసెంబరు నుంచి ఇది నేరుగా బూసాన్‌లోని బుజన్ దాకా వస్తోంది. ప్రయాణం గంటంపావు. బుజన్‌లో దిగి మెట్రో ఒకటో లైన్ పట్టుకుంటే జగల్చి స్టేషన్‌కు మారకుండా వెళ్లొచ్చు. టీమనీ కార్డు (డబ్బు వేసుకుని వాడే ప్రయాణ కార్డు) రెండింట్లోనూ పనిచేస్తుంది. సోల్ నుంచి కేటీఎక్స్ అనే హైస్పీడ్ రైల్లో వచ్చేవాళ్లయితే బూసాన్ స్టేషన్‌లో దిగుతారు. అక్కడి నుంచి అదే ఒకటో లైన్‌లో మూడో స్టాపు.

జగల్చికి తొమ్మిదింటికల్లా చేరుకోండి. పదో నంబరు ఎగ్జిట్ నుంచి బయటికొచ్చి సముద్రం వైపు నడిస్తే, మార్కెట్ కంటే ముందు వాసనే తగులుతుంది. ఇక్కడ రెండు మార్కెట్లున్నాయని తెలిస్తే చాలా గందరగోళం తగ్గుతుంది. ఒకటి రేవు పక్కన ఎగిరే పక్షుల రెక్కల్లాంటి పైకప్పుతో ఉన్న పెద్ద భవనం. కింద బతికున్న చేపల తొట్లు, పైన కూర్చుని తినే చోటు. రెండోది దాని చుట్టుపక్కల వీధుల్లో గొడుగుల కింద పరుచుకున్న పాత బజారు. భవనానికి నెలలో మొదటి, మూడో మంగళవారాలు సెలవు. శనివారం కాబట్టి మీకు ఆ బెడద లేదు.

ముందు వీధుల్లో తిరగండి. రబ్బరు బూట్లు, పూల ఆప్రాన్లు వేసుకుని అమ్మేవాళ్లు దాదాపు అందరూ ఆడవాళ్లే, అదీ చాలామంది పెద్ద వయసువాళ్లు. యుద్ధంలో మగదిక్కు పోయిన కుటుంబాల ఆడవాళ్లు ఇక్కడ బల్ల వేసుకుని పిల్లల్ని పెంచారు. ‘జగల్చి అజుమ్మా’ (అజుమ్మా అంటే నడివయసు ఆడమనిషి) అనే పేరు దేశమంతా తెలుసు. అలాగని మీరు వాళ్లను అజుమ్మా అని పిలవకండి, కొందరికి నచ్చదు. ‘ఇమో’ అనండి, మనం పిన్నీ అన్నట్టు. మొహం ఇట్టే విచ్చుకుంటుంది. ఫొటో తీసేముందు మాత్రం సైగ చేసి అడగండి. పొద్దున్నే బేరం పడకముందు కెమెరా పెడితే చిరాకు పడతారు. మన దగ్గర బోణీ కాకుండా విసిగిస్తే ఊరుకుంటారా?

బల్లల మీద మీకు తెలిసినవి చాలానే కనిపిస్తాయి. వెండి పట్టీలా పొడుగ్గా ఉండేది గాల్చి, మన రిబ్బన్ ఫిష్ జాతిది. నీలి చారలది గోదుంగో, మన కనగర్తలకు దగ్గరి చుట్టం. ఈ గోదుంగో బూసాన్ అధికారిక నగర చేప, 2011లో ప్రకటించారు. దేశంలో పట్టే గోదుంగోలో చాలా భాగం జగల్చికి కాస్త దూరంలో, 1963లో మొదలైన సహకార చేపల మార్కెట్‌లోనే తెల్లవారుజామున వేలానికి వస్తుంది. ఎర్రటి, గులాబీ రంగు పురుగుల్లాంటివి, బొడిపెలున్న కాయల్లాంటి జీవులు కూడా బుట్టల్లో కదులుతుంటాయి. చూసి ముందుకు సాగండి, తినమని మిమ్మల్ని ఎవరూ బలవంతం చేయరు.

వీధి చివర పెనాల మీద ఎర్రటి కారంలో చుట్టలు తిరుగుతున్నది కొమ్‌జాంగో. పాములా కనిపిస్తుంది గానీ పాము కాదు, మలుగు చేపా కాదు. దవడలు లేని పాతకాలపు జలచరం. జపాన్ పాలనలో దాని తోలు కోసం పట్టేవాళ్లని, పారేసే మాంసాన్ని పేదవాళ్లు కాల్చుకు తినడంతో ఇది తిండిగా మారిందని ఇక్కడ చెప్తారు. కరకరలాడే గుణం ఉంటుంది, ఉల్లికాడలు, మిరప ముద్దతో బాగానే ఉంటుంది. నా ఓటు మాత్రం దానికి వేయను. ఇద్దరి పోర్షన్ కంటే తక్కువ అమ్మరు, మీ ఇద్దరిలో తినేది మీరొక్కరే, పొట్ట అక్కడే నిండిపోతుంది.

పచ్చి చేప, అంటే హ్వే, తినాలని ఉంటే భవనం లోపలికి వెళ్లండి. పద్ధతి ఇలా ఉంటుంది. కింద తొట్టిలో చేపను ఎంచుకుంటారు, వాళ్లు అక్కడే కోస్తారు, మీరు పై అంతస్తుకు వెళ్లి కూర్చుంటారు. అక్కడ మనిషికింత అని కొన్ని వేల వాన్లు విడిగా తీసుకుని ఆకులు, వెల్లుల్లి, పుల్లకారం సాస్ పెడతారు. మిగిలిన తల, ముళ్లతో మేఉన్‌తాంగ్ అనే కారం పులుసు కావాలంటే దానికీ విడిగా డబ్బులు. కొత్తవాళ్లకు బిల్లు చూశాక వచ్చే షాకంతా ఈ విడివిడి లెక్కల వల్లే. కాబట్టి వల తొట్టిలోకి దిగకముందే ధర అడగండి. ‘ఒల్మాయేయో?’ అంటే చాలు. కిలోకా, మొత్తానికా, పై అంతస్తు డబ్బులు కలిపా అనేది కాల్‌క్యులేటర్ మీద కొట్టించుకుని ఫోన్‌లో ఫొటో తీసుకోండి. ఎవరూ ఏమీ అనుకోరు. చిన్న సైజు గ్వాంగో (చదునుగా ఉండే చేప) అడగండి, మొదటిసారి తినేవాళ్లకు అదే మంచిది. జపాన్ వాళ్లు చేపను కొంత సేపు నిలవ ఉంచి మెత్తగా తింటారు, ఇక్కడ అప్పటికప్పుడు కోసింది సాగుతూ ఉండాలి. నమలడమే ఇందులో రుచి. పెరిల్లా ఆకులో చేప ముక్క, వెల్లుల్లి, పచ్చిమిర్చి, సోయా ముద్ద పెట్టి మడిచి ఒక్క బుక్కలో నోట్లో వేసుకోవాలి. కొరికి సగం పెట్టుకుంటే అంతా జారిపోతుంది.

పచ్చిది వద్దనుకుంటే, మన వాళ్లలో ఎక్కువమంది అనుకుంటారు కూడా, వీధిలోని కాల్చిన చేపల హోటళ్లలో ఒకదానికి వెళ్లండి. గుమ్మం బయటే పెద్ద పెనం మీద నాలుగైదు రకాల చేపలు కాలుతుంటాయి. సెట్ అడిగితే అన్నం, పులుసు, పచ్చళ్లు, ఆకుకూరలు అన్నీ వస్తాయి. ఉప్పు తప్ప మసాలా ఏదీ ఉండదు. మొదటి ముద్దకు చప్పగా అనిపించినా, చేప తాజాగా ఉంటే మసాలా ఎందుకు అక్కర్లేదో మూడో ముద్దకల్లా తెలుస్తుంది. ఇక్కడ మీ కొలీగ్‌ను కూర్చోబెట్టి ‘గ్యేరాన్ హురాయి’ అంటే గుడ్డు వేపుడు, అన్నం, వేయించిన నాచు రేకులు అడగండి. చాలా చోట్ల మనిషికొక సెట్ తీసుకోవాల్సిందే అంటారు. లోపలికి వెళ్లకముందే వేళ్లతో ఒకటి అని చూపించి అడిగేయండి, వద్దంటే పక్క హోటల్‌కు వెళ్లండి.

చేపల గురించి ఇంకొక మాట చెప్పి ముందుకెళ్తాను. మీరు ఆగస్టు చివరి నుంచి అక్టోబరు మధ్య వస్తుంటే ‘జనో’ దొరుకుతుందేమో చూడండి. ఆ చేప కాలుతున్న వాసనకు ఇల్లు వదిలి వెళ్లిన కోడలు కూడా తిరిగొస్తుందని కొరియన్ సామెత. పుస్తెలమ్మైనా పులస తినాలనే మనవాళ్లకు దీన్ని విడమరిచి చెప్పనక్కర్లేదు. పులసలాగే దీనికీ సన్న ముళ్లెక్కువ, నిదానంగా తినండి.

పదకొండున్నర, పన్నెండుకు అక్కడి నుంచి లేచి తూర్పుగా రేవు వెంబడి నడవండి. కొద్ది నిమిషాల్లో యంగ్‌డో వంతెన వస్తుంది. 1934లో కట్టారు, ఓడలు పోవడానికి ఒక భాగం పైకి లేస్తుంది. 1966లో ఎత్తడం ఆపేసి, 2013లో మళ్లీ మొదలుపెట్టారు. శనివారం మధ్యాహ్నం రెండు గంటలకు ఎత్తుతారు, మీకు కలిసొచ్చింది. యుద్ధంలో ఊళ్లు వదిలి పారిపోతూ, తప్పిపోతే యంగ్‌డో వంతెన దగ్గర కలుద్దాం అని చెప్పుకునేవాళ్లట, ఎందుకంటే బూసాన్‌లో వాళ్లకు తెలిసిన పేరు అదొక్కటే. అలా ఎదురుచూసేవాళ్ల కోసం వంతెన కింద జాతకాలు చెప్పేవాళ్ల కొట్లు వరసగా వెలిశాయి.

వంతెన దాటి బోంగ్నే మార్కెట్ వైపు వెళ్తే సామ్‌జిన్ ఓముక్ మొదటి దుకాణం ఉంది, 1953 నుంచి నడుస్తోంది. ఓముక్‌ను రోడ్డు పక్క పుల్లకు గుచ్చిన చౌక తిండి స్థాయి నుంచి బేకరీ స్థాయికి తెచ్చింది వీళ్లే. ట్రే, పటకారు తీసుకుని అరలన్నీ తిరుగుతూ కావల్సినవి ఏరుకోవచ్చు. రొయ్య పెట్టినవి, చీజ్ పెట్టినవి, మిరపకాయ పెట్టినవి, కరకరలాడే క్రోకెట్ రకం, అన్నీ ఉంటాయి. మీరు రెండు మూడు తీసుకుంటే చాలు. ఒక జాగ్రత్త: కొన్నిట్లో సాసేజ్, పంది మాంసం ఉంటాయి, చీటీ మీద పాపాగో కెమెరా పెట్టి చూడండి. చేప ఎంత శాతం, పిండి ఎంత శాతం అనేది ప్యాకెట్ మీద రాసి ఉంటుంది. పిండి పెరిగేకొద్దీ మెత్తగా, చప్పగా అవుతుంది. చేప ఎక్కువుంటే కొరికినప్పుడు పళ్లకు ఎదురు తిరుగుతుంది, ఆ ఎదురే మంచి ఓముక్‌కు గుర్తు.

మీ కొలీగ్‌కు ఇక్కడ తినడానికి ఏమీ లేదు, నిజం చెప్పాలి. అందుకే ఆయన ముచ్చట తీర్చడానికి పక్కనే రేవు గోదాముల వరసలో కాఫీకి వెళ్లండి. కొరియాకు వచ్చే కాఫీ గింజల్లో ఎక్కువ భాగం దిగేది బూసాన్ రేవులోనే. ఇక్కడి మోమోస్ కాఫీలో పనిచేసే జన్ జూయన్ 2019లో ప్రపంచ బరిస్తా (కాఫీ తయారుచేసే నిపుణుల) పోటీ గెలిచారు. బోంగ్నేలోని పాత గోదాములో వాళ్ల రోస్టరీ, అంటే గింజలు వేయించే చోటు ఉంది, ఎదురుగా మరమ్మతుకొచ్చిన ఓడలు లంగరేసి ఉంటాయి. మన ఫిల్టర్ కాఫీ మనసులో పెట్టుకుని వెళ్తే పుల్లగా ఉందేమిటని నిరాశ పడతారు. వాళ్లు గింజను తక్కువగా వేయిస్తారు, పాలు లేకుండా తాగాలి. రెండింటికి వంతెన లేవడం చూసుకుని తిరిగి ఇవతలికి రండి.

మధ్యాహ్నం మూడు నుంచి ఐదు వరకు చాలా హోటళ్లు మూసేస్తారు, బోర్డు మీద ‘బ్రేక్ టైమ్’ అని ఉంటుంది. చిరుతిళ్లకు సరైన వేళ ఇదే. నాంపోలోని బిఫ్ స్క్వేర్‌కు వెళ్లండి. 1996లో మొదలైన బూసాన్ అంతర్జాతీయ చలనచిత్రోత్సవం వల్ల వచ్చింది ఈ పేరు. నేల మీద సినిమా వాళ్ల చేతి ముద్రలున్నాయి, కాళ్ల కింద చూసుకుంటూ నడవండి. ఇక్కడ సియాత్ హోత్తోక్ తప్పకుండా తినాలి. పులిసిన పిండి ముద్దలో బెల్లం రంగు పంచదార పెట్టి, కొవ్వు తేలే పెనం మీద అదిమి వేయిస్తారు. తీశాక కత్తెరతో నోరు కోసి లోపల పొద్దుతిరుగుడు, గుమ్మడి గింజలు, వేరుశనగలు కూరి కాగితం కప్పులో పెట్టిస్తారు. వేయించేది చాలాచోట్ల మార్జరిన్‌లో, మాంసం లేదు, గుడ్డు లేదు. మీ కొలీగ్ ఈ రోజుకు ఇక్కడ పండగ చేసుకోవచ్చు. లోపలి పాకం మరుగుతూ ఉంటుంది, తొందరపడితే నాలుక కాలుతుంది. రెండు మూడు బళ్లలో ఒక్కదానికే పొడుగు క్యూ ఉంటుంది, ఎవరో సెలబ్రిటీ తిన్నాడని. రుచిలో తేడా నాకైతే తెలియలేదు, క్యూ లేని బండి దగ్గర తినండి.

అక్కడి నుంచి పైకి నాలుగడుగులు వేస్తే గుక్‌జే మార్కెట్. బట్టలు, వంటపాత్రలు, కళ్లజోళ్లు, ఏదైనా దొరుకుతుంది. మొదటి, మూడో ఆదివారాలు చాలా కొట్లు మూస్తారు. తిండి కోసం వెతకాల్సింది దాని పక్కన సందులో వరసగా పొట్టి బల్లలు వేసుకుని కూర్చున్న పెద్దావిడల దగ్గర. వాళ్లమ్మే బిబిమ్ తాంగ్‌మ్యన్ నాకు ఈ ఊళ్లో అన్నిటికంటే ఇష్టమైన చౌక తిండి. చిలగడదుంప పిండితో చేసిన గాజులాంటి సేమ్యాను వేడినీళ్లలో ఒక్కసారి ముంచి, పాలకూర, క్యారెట్, పసుపు ముల్లంగి ఊరగాయ, కారం ముద్ద, నువ్వుల నూనె వేసి ఇస్తారు. రసం లేని వంటకం కాబట్టి శాకాహారికి కొంత ధైర్యం చేయొచ్చు. అందులో ఓముక్ ముక్కలు వేస్తారు, ముందే ‘ఓముక్ ప్పేజుసేయో’ అంటే తీసేసి ఇస్తారు. కారం ముద్దలో చేప రసం కలిపారేమో అడగండి. నిష్ఠ గట్టిగా ఉన్నవాళ్లయితే ముద్ద వద్దని నువ్వుల నూనె, సోయా సాస్‌తోనే అడగొచ్చు. పక్క బల్ల మీద చుంగ్‌మూ కింబాప్ ఉంటుంది. లోపల ఏమీ లేని అన్నం చుట్టలు, విడిగా కారం స్క్విడ్, ముల్లంగి కిమ్చీ. మీరు అన్నీ తినండి, కొలీగ్ అన్నం చుట్టలు తింటారు.

సాయంత్రం బుప్యాంగ్ మార్కెట్. దీన్ని ఇక్కడివాళ్లు కాంగ్‌తోంగ్ మార్కెట్ అంటారు, అంటే డబ్బాల బజారు, పైన చెప్పిన సైనిక శిబిరాల డబ్బాలు అమ్మింది ఇక్కడే. పగటి పూట వరసగా ఓముక్ కొట్లు, ఎర్ర చిక్కుడు గింజల జావ (పాత్‌జుక్), గుమ్మడికాయ జావ అమ్మే కొట్లు ఉంటాయి. జావలు రెండూ తియ్యగా, శాకాహారంగా ఉంటాయి, పొద్దున కొలీగ్ ఆకలితో ఉంటే జగల్చి నుంచి పది నిమిషాలు నడిచి ఇక్కడికి వచ్చి తిని వెళ్లొచ్చు. 2013లో ఇక్కడ దేశంలోనే మొదటి శాశ్వత రాత్రి మార్కెట్ పెట్టారు. ఏడున్నర ప్రాంతంలో తోపుడు బళ్లు ఒక్కసారిగా సందు మధ్యలోకి వస్తాయి. నిజం చెప్పాలంటే రాత్రి బళ్ల మీద సగం వరకు చీజ్ వేసిన రొయ్యలు, గొడ్డు మాంసం ముక్కలు, వియత్నాం రోల్స్, ఫొటోలకు బాగుండే సరుకు. వాటి కోసం పొట్టలో చోటు దాచుకోకండి. పక్కన పాత కొట్లలో ఓముక్, ముల్‌తోక్ తినండి.

ముల్‌తోక్ అంటే బియ్యప్పిండితో చేసిన లావాటి కడ్డీని ఓముక్ రసంలోనే గంటల తరబడి నాననిచ్చింది. సోల్ వాళ్లకు ఇది తెలియదు, బూసాన్ వాళ్లకు ఇది లేకపోతే ఓముక్ బండే కాదు. పుల్లతో తీసుకుని సోయా సాస్ పూసుకుని తినాలి. కొట్టు ముందు నిలబడి మీరే తీసుకోవడం, ఖాళీ పుల్లలు దాచిపెట్టుకోవడం, చివర వాటిని లెక్కపెట్టి డబ్బులు ఇవ్వడం పద్ధతి. ఒక్కో పుల్ల సుమారు వెయ్యి, వెయ్యిన్నర వాన్లు. వెయ్యి వాన్లంటే 60 రూపాయల చిల్లర. గరిటెతో కాగితం కప్పులో రసం పోసుకుని తాగడం ఉచితం. ముల్లంగి, నాచు, నెత్తళ్లు, ఒక్కోచోట పీత వేసి మరిగిస్తారు. చలికాలం సముద్రపు గాలి కొడుతున్నప్పుడు ఆ కప్పు చేతిలో ఉంటే ఇంకేమీ అక్కర్లేదు.

ఇక మీరు తినలేని రెండు ప్రసిద్ధ వంటకాల సంగతి, ఇది చదివే మిగతావాళ్ల కోసం కూడా. ఒకటి త్వేజీ కుక్‌పాప్, పంది ఎముకల రసంలో అన్నం. పంది తినేవాళ్లు సోమ్యన్ మార్కెట్ సందులో ఏ పాత కొట్టుకైనా వెళ్లొచ్చు. ఉప్పు వేయరు, బల్ల మీదున్న ఉప్పు రొయ్యపొట్టుతో మీరే సరిచేసుకోవాలి, పచ్చి ఉల్లి ఆకుల్లాంటి బుచూ గుప్పెడు వేసుకోవాలి. ఒక్కరే వెళ్లినా మొహం చిట్లించకుండా పెట్టే తిండి ఇది. రెండోది మిల్మ్యన్, చల్లటి గోధుమ సేమ్యా. ఉత్తరాది శరణార్థులు తమ ఊరి చల్లటి సేమ్యా నేంగ్‌మ్యన్‌కు కావల్సిన బుక్‌వీట్, బంగాళాదుంప పిండి దొరక్క, అమెరికా సాయంగా వచ్చిన గోధుమపిండితో చేసుకున్నది. మంచు ముక్కలు తేలుతూ శాకాహారంలాగే కనిపిస్తుంది, చాలామంది మనవాళ్లు అక్కడే పొరబడతారు. ఆ రసం ఎముకలు మరిగించి చల్లార్చినదే. రసం లేని బిబిమ్ రకం అడిగినా పైన పంది ముక్క, కింద కాస్త రసం ఉంటాయి. ముందు కెటిల్‌లో తెచ్చి పోసే వేడి నీళ్లు కూడా టీ కాదు, అదే రసం. మీరు దీన్ని వదిలేయడమే మంచిది.

ముస్లిం మిత్రులు ఎవరైనా అడిగితే, ఒకటో లైన్‌లోనే ఉత్తరంగా దూసిల్ స్టేషన్ దగ్గర 1980 నాటి మసీదు ఉంది, ఆ చుట్టుపక్కల హలాల్ తిండి దొరుకుతుంది. మేక మాంసం కావాలనుకునే వాళ్లకు, ఇంకో రోజు ఉంటే, గుమ్‌జంగ్ కొండ మీద కోట గోడల లోపలున్న సాన్‌సంగ్ గ్రామం చెప్తాను. నల్ల మేక మాంసాన్ని నిప్పుల మీద కాలుస్తారు, పక్కన 1979లో మొదటి జానపద మద్యంగా గుర్తింపు పొందిన మక్‌గల్లీ, అంటే బియ్యపు కల్లు లాంటిది. కొండ దిగాక దోంగ్నేలో ఉల్లికాడల అట్టు, పాజన్. అది మాత్రం ఒక రోజు పని, ఈ నడకతో కలపకండి.

డబ్బు సంగతి: పచ్చి చేప జోలికి పోకపోతే మనిషికి 40 వేల నుంచి 50 వేల వాన్లలో రోజంతా తినొచ్చు. కార్డు దాదాపు అంతటా తీసుకుంటారు, బళ్ల దగ్గర, బల్లల దగ్గర మాత్రం నగదు కావాలి. వెయ్యి, ఐదు వేల నోట్లు ఉంచుకోండి. టిప్ ఇవ్వకండి, ఇస్తే వెంటపడి వెనక్కిస్తారు. పచ్చళ్లు, నీళ్లు ఎన్నిసార్లైనా ఉచితం, నీళ్లు మీరే తెచ్చుకోవాలి. మార్కెట్‌లో చెత్తబుట్ట దొరకడం కష్టం, కప్పులూ పుల్లలూ కొన్న కొట్లోనే ఇచ్చేయండి. ప్రతి చోటా ఒకటే తీసుకుని ఇద్దరూ పంచుకోండి, కొలీగ్ తినగలిగినవైతే. బూట్లు తడవడానికి సిద్ధపడి రండి, జగల్చి నేల ఎప్పుడూ తడే.

టూర్ మీద డబ్బు పెట్టడం పూర్తిగా దండగ అని నేను అనను. మీరు కొమ్‌జాంగో లాంటివన్నీ తినేవాళ్లైతే, అమ్మేవాళ్లతో నాలుగు మాటలు మాట్లాడాలనుకుంటే, గైడ్ వల్ల లాభం ఉంది. కానీ ఆ టూర్లలో సగం ఆపే చోట్లు పంది, గొడ్డు మాంసమే. మీ ఇద్దరి కోసం వాళ్లు మార్చగలిగేది తక్కువ, రేటు మాత్రం తగ్గించరు.

తిరుగు ప్రయాణానికి నాంపో లేదా జగల్చిలో ఒకటో లైన్ ఎక్కి బుజన్‌లో దిగి రైలు మారాలి. రాత్రి మార్కెట్‌లో కాలం తెలియదు, కాబట్టి పొద్దున బుజన్‌లో దిగినప్పుడే తేహ్వాగాంగ్ ఆఖరి రైలు టైమ్ బోర్డు ఫొటో తీసి పెట్టుకోండి. గదికి ఓముక్ తీసుకెళ్లాలనుకుంటే విడిగా వేయించినవి కాకుండా గాలి తీసి సీల్ చేసిన ప్యాకెట్ తీసుకోండి, ఫ్రిజ్‌లో పెట్టి గడువు తేదీలోపు తినేయండి. ముల్లంగి ముక్కలు, పచ్చిమిర్చి వేసి మరిగిస్తే పది నిమిషాల్లో రసం తయారు. ఇండియాకు సూట్‌కేసులో మాత్రం పెట్టకండి, దారిలోనే పాడవుతుంది.